నది కింద సులువుగా దాటిన కోల్‌కతా మెట్రో బౌబజార్ కింద ఎందుకు ఇరుక్కుంది?

#1 ఫలక్‌నుమా ప్రయాణికుడు

కోల్‌కతా గ్రీన్ లైన్‌లో మిగిలిపోయిన ఎస్ప్లనేడ్–సియాల్దా ముక్కను 2025 ఆగస్టు 22న తెరిచారు. ఇప్పుడు హౌరా మైదాన్ నుంచి సాల్ట్ లేక్ సెక్టార్ 5 దాకా 16.6 కిలోమీటర్లు రైలు మారకుండా వెళ్లవచ్చు. శంకుస్థాపన జరిగింది 2009లో.

నాకు అంతుపట్టనిది ఒకటుంది. హుగ్లీ నది కింద 520 మీటర్ల సొరంగం తవ్వకం 2017లోనే అయిపోయింది. మన దేశంలో నది కింద మెట్రో నడవడం అదే మొదలు. అంత గండం గట్టెక్కినవాళ్లు ఊరి కింద, బౌబజార్ పేట మీదుగా పోయే ఈ రెండున్నర కిలోమీటర్ల దగ్గర ఇన్నేళ్లు ఎందుకు తిప్పలు పడ్డారు? పత్రికల్లో "సాంకేతిక కారణాలు" అని ఒక మాట పడేసి ఊరుకుంటున్నారు. ఇక్కడ సివిల్ ఇంజనీర్లూ ఉన్నారు, కోల్‌కతా వాసులూ ఉన్నారు. కాస్త విడమరిచి చెబుతారా? హైదరాబాదులో పాతబస్తీకి భూగర్భ మార్గం వేయాలని ఎవరో ఒకరు ఎప్పుడూ అంటూనే ఉంటారు కదా, అందుకని కూడా అడుగుతున్నాను.

#2 బండరాయి

ఇందులో అంతుపట్టనిది ఏముందండీ, రాజకీయం! దారి మార్చారు, కోర్టుల చుట్టూ తిరిగారు. హైదరాబాదులో మనవాళ్లు పిల్లర్లు పాతి 2017 నవంబరులో రైలు నడిపేశారు. 2020 ఫిబ్రవరికల్లా 69 కిలోమీటర్లూ పూర్తయ్యాయి. ఒక్క మీటరు కూడా నేల కిందకు వెళ్లలేదు. వెళ్లి ఉంటే మనమూ ఇలాగే గోతుల పక్కన కూర్చుని ఉండేవాళ్లం.

#3 శివపూర్ శంకరం

మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి జూట్ మిల్లు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను పుట్టి పెరిగింది హౌరా వైపే. బండరాయి గారూ, మీరు చెప్పిన రాజకీయం లేకపోలేదు, కానీ అది కథలో సగం కూడా కాదు.

మొదటి పథకంలో సియాల్దా నుంచి బౌబజార్, సెంట్రల్ మీదుగా మహాకరణ్‌కు దాదాపు తిన్నగా వెళ్లాలి. భూమి చిక్కులు, రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరాలు కలిసి దారిని ఎస్ప్లనేడ్ వైపు వంచాయి. దానికి కొన్నేళ్లు పోయాయి. తర్వాత బ్రబోర్న్ రోడ్ వైపు ఇంకో అడ్డంకి. అక్కడ రెండు పాత యూదు ప్రార్థనా మందిరాలు, కరెన్సీ బిల్డింగ్ ఉన్నాయి. మూడూ రక్షిత కట్టడాలే. అలాంటి వాటికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం కూడదని 2010లో చట్టం సవరించారు. భూమికి అడుగున తవ్వినా నిర్మాణమే కాబట్టి అనుమతి తెచ్చుకునేదాకా మిషన్లు ఆగాల్సి వచ్చింది.

అయినా కోల్‌కతాకు ఈ నిరీక్షణ కొత్త కాదు. దేశంలో మొదటి మెట్రోకు ఇందిరాగాంధీ 1972 డిసెంబరు 29న శంకుస్థాపన చేస్తే, మొదటి రైలు 1984 అక్టోబరు 24న నడిచింది. అదీ ఎస్ప్లనేడ్ నుంచి భవానీపూర్ దాకా 3.4 కిలోమీటర్లు. దమ్ దమ్ నుంచి టాలీగంజ్ దాకా మొత్తం కలిసేసరికి 1995 వచ్చింది. నా చిన్నతనమంతా చౌరంగీ రోడ్డు తవ్వి ఉండగానే గడిచింది. గోతి మీద చెక్కలు పరిచిన వంతెన, దాని కింద పచ్చగా నిలిచిన వాన నీళ్లు, పక్కనే నత్తనడకన పోయే ట్రామ్. దుకాణాలవాళ్లు గుమ్మం ముందు బురదకు ఇటుకలు పేర్చుకుని వ్యాపారం చేసేవారు. అప్పట్లో పై నుంచి తవ్వి, పెట్టె కట్టి, మళ్లీ కప్పేసే పద్ధతి. బెల్గాచియా–శ్యాంబజార్ మధ్య మాత్రం పైన రైల్వే యార్డు, కాలువ ఉండటంతో షీల్డ్‌తో (ఉక్కు కవచంతో) సొరంగం తొలిచారు.

ఇంజనీరింగ్ సంగతి మట్టిపరీక్ష గారు చెబితే బాగుంటుంది.

#4 మట్టిపరీక్ష

పిలిచారు కాబట్టి వచ్చాను. కొంచెం పెద్దదే రాస్తాను, ఓపిక పట్టండి.

ప్రశ్నలోనే ఒక అపోహ ఉంది. నది కింద సొరంగం అంటే అందరికీ గుండె ఝల్లుమంటుంది. కానీ భూగర్భ మెట్రోలో అన్నిటికన్నా తేలికగా సాగేది నడి సొరంగమే. కష్టమంతా స్టేషన్ల దగ్గర, షాఫ్టుల (నిలువు గోతుల) దగ్గర, రెండు సొరంగాలను కలిపే అడ్డదారుల దగ్గర ఉంటుంది.

టీబీఎం, అంటే సొరంగం తొలిచే మిషన్. ముందు తిరిగే కట్టర్ హెడ్, వెనక ఉక్కు గొట్టం. కోల్‌కతాలో వాడినవి తవ్విన మట్టినే ముందు గదిలో ఒత్తిడితో నిలిపి, ఎదుటి మట్టి, నీళ్ల బరువును కాచుకునే రకం. ఆ మట్టిని స్క్రూ కన్వేయర్‌తో కొలతగా బయటకు తీస్తారు. ఉక్కు గొట్టం లోపలే కాంక్రీటు సెగ్మెంట్లు (వంపు పలకలు) బిగించి వలయం పూర్తిచేస్తారు, వలయానికీ మట్టికీ మధ్య సందులో గ్రౌట్ (పలుచటి సిమెంటు ముద్ద) నింపుతారు. అంటే ఎక్కడా నేల తెరుచుకుని ఉండదు. నది కింద ఇళ్లు లేవు, పైపులు లేవు, పునాదులు లేవు. నీళ్ల ఒత్తిడి ఎంతో ముందే లెక్క తెలుసు. సెగ్మెంట్ల అతుకుల్లో నీళ్లు తగిలితే ఉబ్బే రబ్బరు పట్టీలు పెట్టారు. ప్రేరణ, రచన అనే రెండు మిషన్లు కొన్ని వారాల్లోనే అవతలి ఒడ్డుకు చేరాయి.

ఇప్పుడు స్టేషన్ చూడండి. హౌరా మెట్రో స్టేషన్ లోతు 30 మీటర్లకు పైమాటే. అక్కడ నీటిమట్టం నేలకు కొద్దిగా కిందే ఉంటుంది. ముందు చుట్టూ డయాఫ్రమ్ వాల్ పోయాలి. అంటే సన్నటి లోతైన గాడి తవ్వుతూ, అది కూలకుండా బెంటొనైట్ అనే బంకమట్టి ద్రవం నింపి, ఇనుప చట్రం దించి, అడుగు నుంచి కాంక్రీటు పోస్తూ ఆ ద్రవాన్ని పైకి నెట్టేయాలి. తర్వాత పై స్లాబు వేసి, దాని కింద తవ్వుకుంటూ, అంతస్తు అంతస్తుకూ స్లాబు వేస్తూ కిందకు దిగాలి. ఆ స్లాబులే రెండు పక్కల గోడలూ లోపలికి ఒరగకుండా ఆపుతాయి. ఇదంతా జరిగే ఏళ్ల తరబడి పక్కన రైళ్లు, బస్సులు, లక్షల జనం.

తవ్వడం అయ్యాక ఇంకో తంటా. నీళ్లు నిండిన నేలలో ఖాళీ కాంక్రీటు పెట్టె పైకి తేలాలని చూస్తుంది, తొట్టిలో ఖాళీ గిన్నెను అదిమిపట్టినప్పుడు అది చేతిని తోసినట్టు. అందుకే అడుగు స్లాబు అంత మందం, కొన్నిచోట్ల దాన్ని కిందకు లాగి పట్టుకునే పైల్స్ (నేలలోకి దించిన స్తంభాలు). ప్రయాణికుడికి ఇవేవీ కనిపించవు. గ్రానైటు పలకలు, ఎస్కలేటర్ కనిపిస్తాయి.

#5 బండరాయి

బాగానే ఉంది మాస్టారూ. కానీ 2019లో బౌబజార్‌లో ఇళ్లు కూలింది స్టేషన్ తవ్వుతుంటే కాదు కదా? మీరు ఇంత మెచ్చుకున్న టీబీఎం కిందనే కదా?

#6 మట్టిపరీక్ష

మంచి ప్రశ్న. మెచ్చుకోవడం లేదు, ఎక్కడ భయపడాలో చెబుతున్నాను.

2019 ఆగస్టు 31న చండీ అనే మిషన్ బౌబజార్ కింద నీళ్లు నిండిన ఇసుక పొరలోకి వెళ్లింది. కోల్‌కతా నేల పైన మెత్తటి బంకమట్టి, ఒండ్రు. దాని అడుగున అక్కడక్కడా ఇసుక తిత్తులు. వందల మీటర్ల దూరంలో ఒకటి చొప్పున మట్టి పరీక్షకు బోర్లు వేస్తే రెండు బోర్ల మధ్య ఉన్న తిత్తి కాగితం మీదకు రాదు. ఒకసారి సొరంగంలోకి నీళ్లు రావడం మొదలైతే నీళ్లు ఒక్కటే రావు, సన్నటి ఇసుకనూ ఈడ్చుకొస్తాయి. లోపలికి వచ్చిన ప్రతి తట్టెడు ఇసుకకూ పైన అంత చోటు ఖాళీ అవుతుంది. పైన ఉన్నవి దుర్గా పితూరీ లేన్, శ్యాక్రా పాడా లేన్. పాతకాలపు ఇటుక గోడల ఇళ్లు, కొన్నిటికి పునాదులు పేరుకే. చివరకు సొరంగంలో అడ్డుగోడ కట్టి, తామే నీళ్లు నింపి, లోపలి ఒత్తిడిని బయటి ఒత్తిడికి సమానం చేశాక గానీ ప్రవాహం ఆగలేదు.

ఇక్కడి నుంచి జరిగిందే నా వాదనకు ఆధారం. హైకోర్టు ఆపిన పని 2020లో మళ్లీ మొదలైంది. రెండో మిషన్ ఊర్వి తన సొరంగం పూర్తిచేసి సియాల్దా చేరింది. దాన్నే వెనక్కి తిప్పి, చండీ వదిలేసిన భాగాన్ని సియాల్దా వైపు నుంచి తవ్వించారు. 2021 మే నాటికి అదీ అయింది. అంటే టీబీఎం పని ముగిసింది. రైలు నడిచింది ఎప్పుడు? 2025లో.

మధ్యలో ఏమైంది? చండీని ముక్కలుగా కోసి తీయడానికి బౌబజార్‌లో పెద్ద షాఫ్టు తవ్వారు. 2022 మేలో ఆ షాఫ్టు అడుగున పని జరుగుతుంటే నీళ్లు ఊరి మళ్లీ ఇళ్లు బీటలు వారాయి. అదే ఏడాది అక్టోబరులో రెండు సొరంగాలను కలిపే క్రాస్ పాసేజ్ పనిలో మదన్ దత్తా లేన్ ఇళ్లకు పగుళ్లు. రెండుసార్లూ పనిలో ఉన్నది టీబీఎం కాదు. మనుషులు నేలను తెరిచి చేస్తున్న పని. క్రాస్ పాసేజ్ అంటే ప్రమాదం జరిగితే ఒక సొరంగంలోంచి పక్క సొరంగంలోకి జనం తప్పించుకునే దారి. చాలా దేశాలు పాటించే అగ్నిమాపక ప్రమాణం ప్రకారం అవి 244 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. బిగించిన సెగ్మెంట్‌ను కోసి, ఆ కన్నంలోంచి మట్టిలోకి నడవాలి. ముందుగా గ్రౌటింగ్ చేసి చుట్టూ మట్టిని గట్టిపరుస్తారు. గ్రౌట్ అందని చోటు ఒక్కటి మిగిలినా చాలు.

#7 బౌబజార్ బాడుగ

నేను మూడేళ్లు ఆ సందుల్లోనే అద్దెకు ఉన్నాను. 2019కి ముందే ఉద్యోగం మారి వచ్చేశాను గానీ, మా ఇంటి ఓనరు కుటుంబం అక్కడే ఉంది. అదంతా బంగారం పనివాళ్ల పేట. మెట్ల కింద మూడడుగుల చోటులో కుంపటి, ఊదుగొట్టం, ఒక బల్బు పెట్టుకుని నగలు చేస్తారు. రాత్రి పని ముగిశాక నేల ఊడ్చిన దుమ్ము కూడా పారేయరు, డబ్బాలో దాస్తారు. అందులో బంగారం రజను ఉంటుంది, నెలకోసారి దాన్ని కొనేవాళ్లు వస్తారు.

ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు ఆ పెద్దాయనకు కట్టుబట్టలతో బయటపడే వ్యవధే దొరికింది. హోటల్లో గది ఇచ్చారు, నష్టపరిహారం కూడా ఇచ్చారు. కానీ ఆయన నాతో ఫోనులో ఎక్కువగా బాధపడింది ఇంటి గురించి కాదు, గిరాకీల నగలు లోపల ఉండిపోయినందుకు. "నా ఇల్లు నాది, పోతే పోయింది. వాళ్ల గాజులు నావి కావు కదా" అన్నారు. తర్వాత పోలీసుల సాయంతో లోపలికి వెళ్లి తెచ్చుకున్నారట.

అందుకే ఇలాంటి చర్చల్లో "ఎనిమిదేళ్ల ఆలస్యం" అని లెక్కలు వేస్తుంటే నాకు మనసొప్పదు. ఆ సందుల్లో వాళ్లకు ఆలస్యం కాదు జరిగింది.

#8 లండన్ లక్ష్మి

మట్టిపరీక్ష గారి వాదనకు లండన్ నుంచి ఒక సాక్ష్యం. మేముండేది ఇల్ఫర్డ్. ఆఫీసు కేనరీ వార్ఫ్. ఎలిజబెత్ లైన్ అనే కొత్త రైలు మార్గం వచ్చాక వైట్‌చాపెల్‌లో ఒక్కసారి మారితే చాలు.

ఆ లైనుకు ఎనిమిది టీబీఎంలతో 42 కిలోమీటర్ల కొత్త సొరంగాలు తవ్వారు. 2012లో మొదలుపెట్టి 2015 మేలో ముగించారు. అప్పుడు ఇక్కడంతా సంబరమే. 2018 డిసెంబరులో తెరుస్తామన్నారు. తెరిచింది 2022 మే 24న! సొరంగం తవ్వడానికి మూడేళ్లు, తవ్విన సొరంగంలో రైలు నడపడానికి ఏడేళ్లు. స్టేషన్లలో వైరింగ్, వెంటిలేషన్, ప్లాట్‌ఫారం తలుపులు, ఒకే లైనులో మూడు రకాల సిగ్నల్ వ్యవస్థలను రైలు గుర్తుపట్టి మారడం, ఇవి తెమలలేదు. బాండ్ స్ట్రీట్ స్టేషన్ మరీ వెనకబడి అక్టోబరులో తెరుచుకుంది. అప్పటిదాకా రైళ్లు అక్కడ ఆగకుండానే పోయేవి.

పాత స్టేషన్లను తిరిగి కట్టడం ఇంకో ఎత్తు. వైట్‌చాపెల్‌లో పాత రైళ్లు నడుస్తూండగానే పట్టాల మీదుగా కొత్త వంతెన హాలు కట్టారు. ఏళ్ల తరబడి తాత్కాలిక ద్వారం, ప్లైవుడ్ గోడలు, ఎటు పోవాలో వారానికోసారి మారే బాణం గుర్తులు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌లో కొత్త సొరంగం పాత నార్తర్న్ లైన్ సొరంగానికి మీటరు కన్నా తక్కువ ఎడంలో వెళ్లింది. ఆ పాత లైనులో రైళ్లు ఆపలేదు. అక్కడి గోడల మీద పావొలోజీ అనే కళాకారుడు చేసిన రంగురాళ్ల చిత్రాలను చాలామటుకు కాపాడారు గానీ, ఎస్కలేటర్ల పైన ఉన్న కమానులను తీసి ఎడింబరో విశ్వవిద్యాలయానికి పంపారు. దానికి ఊళ్లో పెద్ద గొడవే జరిగింది.

#9 గౌలిగూడ గోపి

మరి మన సంగతి? సుల్తాన్ బజార్ వ్యాపారులు అప్పట్లోనే భూగర్భం కావాలని మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. ఇప్పుడు ఆ ఇరుకు బజారు నెత్తి మీద వయాడక్టు (పిల్లర్ల మీది మెట్రో వంతెన). మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దుకాణాల్లో లైట్లు వేసుకోవాలి. పాతబస్తీలో ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా కూడా పైనే కడతామంటున్నారు, రోడ్డు వెడల్పు కోసం ఇళ్లు కొడుతున్నారు. బౌబజార్‌లో ఇళ్లు పోయాయని భూగర్భం వద్దంటారా? ఇక్కడ భూగర్భం లేకపోయినా ఇళ్లు పోతూనే ఉన్నాయి కదా!

#10 మట్టిపరీక్ష

గోపి గారూ, మీ మాటను తోసిపుచ్చలేను. వయాడక్టు చౌక అంటారు. నిజమే, భూగర్భానికి కిలోమీటరుకు రెండింతలకు పైగానే అవుతుంది. కానీ ఆ లెక్కలో దుకాణం ముందు పోయిన వెలుతురుకు ధర కట్టరు.

హైదరాబాదు నేల కోల్‌కతాకు పూర్తిగా వేరు. మనది గ్రానైటు. ఇసుక తిత్తుల బెడద లేదు, నీళ్లు రాతి పగుళ్లలోనే ఉంటాయి. కాబట్టి బౌబజార్ తరహా కుంగుబాటు భయం తక్కువ. వేరే బెడద ఉంది. పైన మెత్తబడిన మట్టి, కింద గట్టి బండ, మధ్యలో గుండ్రాళ్లు. కట్టర్ హెడ్‌లో ఒక సగం బండను, ఒక సగం మట్టిని కోయాల్సి వస్తే పళ్లు విరుగుతాయి. బెంగళూరు మొదటి దశలో గోదావరి అని పేరు పెట్టిన మిషన్ ఇలాగే దెబ్బతిని నెలల తరబడి కదల్లేదు. చెన్నైలో 2017 ఏప్రిల్ 9న అన్నా సాలై రోడ్డు కుంగి ఒక సిటీ బస్సు, ఒక కారు గోతిలో పడ్డాయి, గుర్తుండే ఉంటుంది. అక్కడా మిశ్రమ నేలే.

పాతబస్తీలో నాకు సొరంగం గురించి బెంగ లేదు, స్టేషన్ గురించి ఉంది. రెండు వందల మీటర్ల పొడవు, పాతిక మీటర్ల వెడల్పు పెట్టెను పై నుంచి తవ్వడానికి ఖాళీ చోటు ఎక్కడ? ఆ చోటు లేకపోతే భూగర్భ మార్గం కూడా ఇళ్లు కొట్టాకే మొదలవుతుంది. చోటు ముందు చూపించి, తర్వాత భూగర్భం అడిగితే ఎవరైనా వింటారు.

#11 బండరాయి

అదిగో, చివరకు నా దగ్గరికే వచ్చారు. పిల్లర్లే మేలు!

#12 గౌలిగూడ గోపి

ఆయన అన్నది అది కాదు. ఎంజీబీఎస్ దగ్గర, మూసీ ఒడ్డున, చోటు ఉంది. మిగతా స్టేషన్లకు చోటు ఎక్కడో కనీసం వెతికి చూశారా అన్నదే నా ప్రశ్న. వెతక్కుండానే ఖరీదు ఎక్కువ అని కొట్టిపారేశారు.

#13 నిర్వాహకుడు

ఏ పార్టీ హయాంలో ఏమి ఆగింది అంటూ వచ్చిన నాలుగు వ్యాఖ్యలు తొలగించాను. నేల, నీళ్లు, కాంక్రీటు దాకా ఉందాం.

#14 శివపూర్ శంకరం

కాంక్రీటు అన్నారు కాబట్టి ఒక సంగతి. 2025 జులై 28న మా బ్లూ లైన్ (ఆ మొదటి మెట్రోయే) దక్షిణపు చివరి స్టేషన్ కవి సుభాష్ మూసేశారు. పిల్లర్లకు పగుళ్లు. కూల్చి మళ్లీ కట్టాలని తేల్చారు. అది భూగర్భ స్టేషన్ కాదు, నేల పైన కట్టినది. ప్రారంభమైంది 2010లో. మరోవైపు 1984లో తెరిచిన భూగర్భ స్టేషన్లలో ఇప్పటికీ రోజూ లక్షల మంది ఎక్కి దిగుతున్నారు. రవీంద్ర సదన్ గోడల మీద ఠాగూర్ చేతిరాతలు చూస్తూ రైలు కోసం నిలబడే అలవాటు నాకు ఇంకా పోలేదు. పైన కడితే నిశ్చింత అనుకునేవారి కోసం చెబుతున్నాను, బండరాయి గారూ.

కవి సుభాష్ మూతపడ్డాక రైళ్లు ఒక స్టేషన్ ముందే, షహీద్ ఖుదీరామ్‌లో ఆగిపోతున్నాయి. అది చివరి స్టేషన్‌గా కట్టింది కాదు, రైలు అక్కడికక్కడే పట్టా మారి వెనక్కి తిరిగే ఏర్పాటు అప్పటికి లేదు. దాంతో లైనంతటా రైళ్ల వేళలు తప్పాయి. ఒక స్టేషన్‌ను తిరిగి కట్టడమంటే ఆ ఒక్క స్టేషన్‌తో పోదు.

#15 బండరాయి

ఒక్క స్టేషన్‌ను పట్టుకుని పిల్లర్లన్నిటికీ అంటగట్టకండి శంకరం గారూ. అమీర్‌పేటలో రెండు లైన్లు ఒకదాని మీద ఒకటి నిక్షేపంగా నడుస్తున్నాయి. అయినా లండన్ లక్ష్మి గారి ఏడేళ్ల లెక్క నాకు తెలియదు, అది మాత్రం ఆలోచించాల్సిందే.

#16 ఫలక్‌నుమా ప్రయాణికుడు

అడిగినదానికి పదింతలు చెప్పారు, అందరికీ నమస్కారాలు. ఇప్పుడు స్వార్థంతో ఒక ప్రశ్న. వచ్చే నెల అమ్మను తీసుకుని ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా వస్తున్నాను. అదే రాత్రి సియాల్దాలో డార్జిలింగ్ మెయిల్ ఎక్కాలి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, చేతిలో రెండు పెట్టెలు. మెట్రోలో వెళ్లడం నయమా, టాక్సీయా?

#17 శివపూర్ శంకరం

మెట్రోనే బాబూ. సాయంత్రం పూట హౌరా వంతెన మీద టాక్సీలో కూర్చుంటే ఎప్పుడు దిగుతారో ఎవరూ చెప్పలేరు. మెట్రోలో హౌరా నుంచి సియాల్దాకు 11 నిమిషాలు.

రైల్వే స్టేషన్ నుంచి మెట్రోకు కొత్త సబ్‌వే వేశారు, అదీ ఆ ఆగస్టు 22నే తెరిచారు. ప్లాట్‌ఫారం చాలా లోతు కాబట్టి ఎస్కలేటర్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మీరు వాటి జోలికి పోకండి, లిఫ్టు ఎక్కడుందో సిబ్బందిని అడగండి. లిఫ్టు దగ్గర వరుస ఉంటుంది, పదిహేను నిమిషాలు చేతిలో పెట్టుకోండి. పెట్టెలు స్కానర్‌లో పెట్టాలి. అమ్మగారిని ముందు అవతలికి పంపి కూర్చోబెట్టి, తర్వాత మీరు పెట్టెల సంగతి చూసుకోండి. రైలు కదిలిన కాసేపటికి సొరంగం గోడల మీద నీలం లైట్లు వస్తాయి, అదే నది. ముప్పావు నిమిషంలో అయిపోతుంది, అందరూ ఫోన్లు ఎత్తుతారు, అమ్మగారిని కిటికీ వైపు నిలబెట్టండి. ఎస్ప్లనేడ్‌లో జనం విరగబడి ఎక్కుతారు, వాళ్లలో చాలామంది దిగేది సియాల్దాలోనే. కాబట్టి మహాకరణ్ దాటగానే తలుపు దగ్గరికి జరిగి ఉండండి. సియాల్దాలో పైకి వచ్చాక డార్జిలింగ్ మెయిల్ ఏ ప్లాట్‌ఫారమో బోర్డు చూశాకే నడవండి, అక్కడ ఒక కొస నుంచి ఇంకో కొసకు చాలా దూరం.

#18 ఫలక్‌నుమా ప్రయాణికుడు

లిఫ్టు సంగతి ముందే తెలియడం మంచిదైంది శంకరం గారూ. పెట్టెలు ఒకటికి తగ్గించమని అమ్మకు చెబుతాను. వినదు, అయినా చెబుతాను.